సికింద్రాబాదు నుంచి పురస్కార వేదికకు: తెలుగు నేల స్వతంత్ర చిత్రాలు – ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

పురస్కారం సాధారణంగా పని పూర్తయ్యాక దక్కే గౌరవం. చిత్రం విడుదలవుతుంది, జనం చూస్తారు, ఆ తరువాత న్యాయనిర్ణేతలు చూస్తారు. స్వతంత్ర చిత్రం విషయంలో ఈ వరుస తారుమారవుతుంది. న్యాయనిర్ణేతలే మొదటి ప్రేక్షకులు. వారు మెచ్చితే తక్కిన ప్రేక్షకులకు చిత్రం చేరే దారి ఏర్పడుతుంది, లేకుంటే డబ్బాలోనే ఉండిపోతుంది. అందువల్ల స్వతంత్ర చిత్రానికీ డాక్యుమెంటరీకీ పురస్కారం అలంకారం కాదు, పంపిణీ మార్గం. పెద్ద నిర్మాణ సంస్థల పెట్టుబడికీ తారల ఆకర్షణకూ వెలుపల తయారైన చిత్రాన్ని ఈ వ్యాసం స్వతంత్ర చిత్రంగా గ్రహిస్తుంది. అటువంటి చిత్రాలకు తెలుగు నేల మీద పురస్కారాలు ఏయే దారులు తెరిచాయో, ఏ దారులు ఎప్పుడు మూసుకుపోయాయో సికింద్రాబాదు కేంద్రంగా పరిశీలించడం దీని ఉద్దేశం.

జాతీయ చలనచిత్ర పురస్కారాలు 1954లో మొదలయ్యాయి. 1953 నాటి చిత్రాలకు ఇచ్చిన ఆ తొలి పురస్కారాల్లోనే డాక్యుమెంటరీకి ప్రత్యేక స్వర్ణపతకం ఉండడం గమనార్హం. కథాచిత్రంతో సమానంగా వాస్తవ చిత్రాన్ని రాజ్యం గుర్తించిందన్నమాట. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1964లో నంది పురస్కారాలను ప్రారంభించింది. ఈ రెండు వ్యవస్థల నీడలోనే తెలుగు నేల స్వతంత్ర చిత్రాల చరిత్ర నడిచింది.

తిరుమలగిరి నుంచి బెర్లిన్ దాకా

శ్యామ్ బెనెగల్ 1934 డిసెంబర్ 14న సికింద్రాబాదు కంటోన్మెంటులోని తిరుమలగిరిలో జన్మించారు. తండ్రి శ్రీధర్ బెనెగల్ ఫొటోగ్రాఫర్. ఆయన ఇచ్చిన కెమెరాతోనే పన్నెండేళ్ల వయసులో శ్యామ్ తొలి చిత్రం తీశారు. చదువు సికింద్రాబాదు మహబూబ్ కళాశాలలోనూ, నిజాం కళాశాలలోనూ, ఉస్మానియాలోనూ సాగింది. విద్యార్థి దశలోనే హైదరాబాద్ ఫిల్మ్ సొసైటీ స్థాపనలో ఆయన పాత్ర ఉంది. కంటోన్మెంటు జీవితానికి ఉన్న ఒక లక్షణం ఇక్కడ చెప్పుకోవాలి. సైనికుల కోసం నడిచే సినిమా హాలులో ఆంగ్ల చిత్రాలు, ఊళ్లోని హాళ్లలో హిందీ, తెలుగు, తమిళ చిత్రాలు పక్కపక్కనే ఆడేవి. ఇంట్లో కొంకణి, వీధిలో దక్కనీ, అంగట్లో తెలుగు, బడిలో ఆంగ్లం వినిపించేవి. ఏ ఒక్క భాషకూ పూర్తిగా చెందని ఈ పట్టణ స్వభావం పురస్కారాల చరిత్రలో తరువాత ఒక చిక్కుగా పరిణమించింది.

విద్యార్థి దశలో రాసుకున్న కథను తెరకెక్కించడానికి బెనెగల్ పన్నెండేళ్లకు పైగా వేచి ఉండవలసి వచ్చింది. చివరకు పెట్టుబడి వచ్చింది కూడా చిత్ర నిర్మాణ సంస్థ నుంచి కాదు. సినిమాహాళ్లలో వాణిజ్య ప్రకటనలు పంపిణీ చేసే బ్లేజ్ సంస్థ ఆ డబ్బు పెట్టింది. 1974లో వచ్చిన ‘అంకుర్’ అదే. తెలంగాణ పల్లెలో భూస్వామి కొడుకు, దళిత స్త్రీ లక్ష్మి, మూగ చెవిటివాడైన ఆమె భర్త కిష్టయ్య. ఈ ముగ్గురి చుట్టూ తిరిగే కథ ఇది. గోవింద్ నిహలానీ ఛాయాగ్రహణం, వనరాజ్ భాటియా సంగీతం, సత్యదేవ్ దూబే సంభాషణలు సమకూర్చారు. చిత్రం అదే ఏడాది బెర్లిన్ చలనచిత్రోత్సవానికి వెళ్లింది. 22వ జాతీయ పురస్కారాల్లో ద్వితీయ ఉత్తమ చిత్రంగా నిలిచింది. షబానా ఆజ్మీ ఉత్తమ నటిగా, సాధు మెహర్ ఉత్తమ నటుడిగా ఎంపికయ్యారు. ముఖ్య పాత్రలో తొలిసారి కనిపించిన ఒక నటికి, వెండితెరకు అంతగా పరిచయం లేని ఒక నటునికి ఒకే చిత్రం ద్వారా ఈ గుర్తింపు దక్కడం ఆ తరువాతి సమాంతర చిత్రాలకు ధైర్యాన్నిచ్చింది. తారలు లేకున్నా చిత్రం నిలబడగలదన్న నమ్మకానికి ఆధారం దొరికింది.

1975 నాటి ‘నిశాంత్’ కూడా తెలంగాణ దొరల పాలన మీద తీసిన చిత్రమే. విజయ్ తెండూల్కర్ దీనికి రచయిత. 1976 కాన్ ఉత్సవంలో ఇది పోటీ విభాగంలో నిలిచింది. స్వదేశంలో హిందీ ఉత్తమ చిత్రం పురస్కారం పొందింది. ఈ చివరి మాట దగ్గర కొంచెం ఆగాలి. కథ తెలంగాణది, నేల తెలంగాణది, పాత్రల పేర్లూ కట్టూబొట్టూ తెలంగాణవే. పురస్కారం మాత్రం హిందీ ఖాతాలో పడింది. ‘అంకుర్’లోని దక్కనీ పలుకుబడి కూడా పట్టికల్లో హిందీగానే నమోదైంది. బెనెగల్ ఏడుసార్లు హిందీ ఉత్తమ చిత్రం పురస్కారం అందుకున్నారు. తెలుగులో కూడా వచ్చిన చిత్రం ‘అనుగ్రహం’ ఒక్కటే. హిందీలో ‘కొండురా’గా 1978లో వచ్చిన చిత్రానికి అది తెలుగు రూపం. భాషల వారీగా గళ్లు గీసిన పురస్కార వ్యవస్థలో బహుభాషా పట్టణం నుంచి వచ్చిన సృష్టికర్తకు సొంత గడి లేకపోయింది. తెలుగు సాహిత్య చరిత్రలో దక్కనీ ఉర్దూ రచయితలను ఏ అధ్యాయంలో చేర్చాలన్న తర్జనభర్జన వంటిదే ఇది.

బెనెగల్ విషయంలో మరో అంశం పెట్టుబడికి సంబంధించినది. గుజరాత్ పాల సహకార సంఘాల రైతులు ఐదు లక్షల మంది తలా రెండు రూపాయలు వేసుకుని నిర్మించిన ‘మంథన్’ (1976) జాతీయ పురస్కారం పొందడమే కాక, భారతదేశం తరఫున ఆస్కార్ పరిశీలనకు వెళ్లింది. దాదాపు అర్ధశతాబ్దం తరువాత, 2024లో దాని పునరుద్ధరించిన ప్రతి కాన్ ఉత్సవంలో ప్రదర్శితమైంది. ఆ ఏడాదే డిసెంబర్ 23న బెనెగల్ మరణించారు. పోచంపల్లి చేనేత జీవితం మీద ‘సుస్మన్’ (1987) తీసినప్పుడు కూడా ఆయన సహకార సంఘాల తోడ్పాటునే ఆశ్రయించారు.

తెలుగు గడిలో పరాయి దర్శకులు

ఇందుకు పూర్తి భిన్నమైన దృశ్యం అదే దశాబ్దంలో కనిపిస్తుంది. ప్రేమ్‌చంద్ ‘కఫన్’ కథ ఆధారంగా బెంగాలీ దర్శకుడు మృణాల్ సేన్ 1977లో ‘ఒక ఊరి కథ’ తీశారు. తెలుగు ఉత్తమ చిత్రంగా జాతీయ పురస్కారం అందుకోవడమే కాక, కార్లోవీ వారీ ఉత్సవంలో కూడా ఇది గౌరవం పొందింది. మరో బెంగాలీ గౌతమ్ ఘోష్ తన తొలి కథాచిత్రాన్ని తెలుగులోనే తీశారు. బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మించిన ‘మా భూమి’ అది. కృష్ణచందర్ ఉర్దూ నవల ‘జబ్ ఖేత్ జాగే’ దానికి ఆధారం. తెలంగాణ సాయుధ పోరాటాన్ని తెరకెక్కించిన ఆ చిత్రానికి తెలుగు ఉత్తమ చిత్రం జాతీయ పురస్కారం దక్కలేదు. అయినా 1980లో విడుదలై జనాదరణతో సుదీర్ఘంగా ఆడింది. పురస్కారం లేకుండానే ప్రేక్షకులను చేరిన అరుదైన స్వతంత్ర చిత్రంగా దాన్ని పేర్కొనవచ్చు. ఇందుకు కారణాన్ని చిత్ర కళలో కంటే కథలో వెతకడం మేలు. పోరాటంలో పాల్గొన్నవారూ వారి పిల్లలూ ఇంకా ఊళ్లలో ఉన్న రోజులవి. ప్రేక్షకులు తమ కథను చూడడానికి వచ్చారు.

‘మా భూమి’ తరువాత నర్సింగరావు స్వయంగా దర్శకత్వం చేపట్టారు. ‘రంగుల కల’ (1983) తెలుగు ఉత్తమ చిత్రంగా ఎంపికైంది. ‘దాసి’ (1988) ఐదు జాతీయ పురస్కారాలు సాధించింది. తెలుగు ఉత్తమ చిత్రం, ఉత్తమ నటి (అర్చన), ఛాయాగ్రహణం (అపూర్వ కిశోర్ బీర్), కళాదర్శకత్వం (తోట వైకుంఠం), వస్త్రాలంకరణ (సుదర్శన్). 1990 నాటి ‘మట్టి మనుషులు’ కూడా తెలుగు ఉత్తమ చిత్రమే. గడిలో దాసీగా బతికిన స్త్రీ నిశ్శబ్దాన్ని చూపిన ‘దాసి’ని ఎంతమంది తెలుగువారు సినిమాహాలులో చూశారని అడిగితే సమాధానం నిరాశ కలిగిస్తుంది. చాలామంది చూసింది దూరదర్శన్‌లో. ఎనభైలలో ఆదివారం మధ్యాహ్నం దూరదర్శన్ ప్రాంతీయ భాషల పురస్కార చిత్రాలను ఆంగ్ల ఉపశీర్షికలతో ప్రసారం చేసేది. జాతీయ పురస్కారం ఉంటే ప్రసారానికి అవకాశం, ప్రసారానికి రుసుము, ఆ రుసుముతో నిర్మాతకు కొంత ఊరట. సమాంతర చిత్రాల ఆర్థిక వ్యవస్థలో పురస్కారానికి ఉన్న అసలు విలువ పతకంలో కాక ఈ ఆదివారం మధ్యాహ్నంలో ఉండేది. తొంభైలలో ప్రైవేటు ఛానళ్లు వచ్చి ఆ మధ్యాహ్నాన్ని మింగేశాయి. పతకాలు ఇస్తూనే ఉన్నారు. పతకం తరువాత వెళ్లవలసిన దారి మాత్రం పోయింది.

పద్మారావునగర్, తొలి చిత్రాల తరం

కొత్త శతాబ్దం మొదట్లో మరో దారి కొద్దికాలం కనిపించింది. అమెరికాలో చదువుకుని తిరిగివచ్చిన నగేశ్ కుకునూర్ ‘హైదరాబాద్ బ్లూస్’ (1998) తక్కువ ఖర్చుతో, తన సొంత డబ్బుతో తీసి మెప్పించాడు. సికింద్రాబాదు పద్మారావునగర్ వాసి శేఖర్ కమ్ముల 2000లో ‘డాలర్ డ్రీమ్స్’ తీశారు. ఆంగ్లమూ తెలుగూ కలగలిసిన ఈ చిత్రం అమెరికా ప్రయాణానికీ ఇక్కడే ఉండిపోవడానికీ మధ్య నలిగే యువకుల కథ. ఇది దర్శకుని ఉత్తమ తొలి చిత్రానికి ఇచ్చే ఇందిరాగాంధీ జాతీయ పురస్కారం పొందింది. కొద్ది కాలంలోనే అదే పురస్కారం కె.ఎన్.టి. శాస్త్రి ‘తిలాదానం’కూ, చలం కథ ‘దోషగుణం’ ఆధారంగా ఇంద్రగంటి మోహనకృష్ణ తీసిన ‘గ్రహణం’కూ దక్కింది. ఒకే భాషా ప్రాంతానికి ఇంత దగ్గరగా మూడు తొలి చిత్ర పురస్కారాలు రావడం యాదృచ్ఛికం కాదు. డిజిటల్ కెమెరా ఖర్చు తగ్గించింది. ఫిల్మ్ క్లబ్బుల్లో ప్రపంచ చిత్రాలు చూసి పెరిగిన తరం చేతికి అది వచ్చింది. ఆ పురస్కారాల ఫలితం ఏమిటి? శేఖర్ కమ్ముల, మోహనకృష్ణ ఇద్దరూ ప్రధాన స్రవంతిలోకి వెళ్లారు. ‘ఆనంద్’ (2004) వంటి చిత్రాల్లో పద్మారావునగర్ వీధులు, మధ్యతరగతి ఇళ్లు తెలుగు తెరకు కొత్తగా పరిచయమైన మాట నిజం. కానీ పురస్కారం స్వతంత్ర చిత్రాన్ని నిలబెట్టలేదు, స్వతంత్ర దర్శకుణ్ణి పరిశ్రమకు పరిచయం చేసింది. శాస్త్రి మాత్రం తన దారిలోనే సాగి ‘కమ్లి’ (2006)తో తెలుగు ఉత్తమ చిత్రం పురస్కారం అందుకున్నారు. లంబాడా తండాల్లో ఆడపిల్లల అమ్మకం దాని వస్తువు.

2013 నాటి రాజేశ్ టచ్‌రివర్ చిత్రం ‘నా బంగారు తల్లి’ కూడా అదే గౌరవం పొందింది. ఆ తరువాత గడి యజమానులు మారారు. 2017కు ‘ఘాజీ’, 2018కి ‘మహానటి’, 2019కి ‘జెర్సీ’, 2021కి ‘ఉప్పెన’, 2022కు ‘కార్తికేయ 2’ తెలుగు ఉత్తమ చిత్రాలుగా ఎంపికయ్యాయి. నేరుగా ఓటీటీలో విడుదలైన ‘కలర్ ఫొటో’ (2020) ఒక్కటే ఈ వరుసలో చిన్న చిత్రం. ఈ చిత్రాల్లో మంచివి లేవని ఎవరూ అనరు. అయితే కోట్లమంది అప్పటికే చూసిన చిత్రానికి ఆ గడి అదనపు కీర్తి మాత్రమే. ‘దాసి’కి అది ఊపిరి.

అర్హత అనే గడప

పురస్కారం కంటే ముందు అర్హత ఉంది. జాతీయ పురస్కారాల పరిశీలనకు సెన్సార్ ధ్రువపత్రం తప్పనిసరి. కథాచిత్రానికి ఇది మామూలు తతంగం. డాక్యుమెంటరీకి అలా కాదు. 1984 నాటి హైదరాబాద్ మతకలహాల మీద దీపా ధన్‌రాజ్ తీసిన ‘క్యా హువా ఇస్ షహర్ కో?’ (1986) వంటి చిత్రాలు బస్తీల్లో, సంఘాల సమావేశాల్లో, కళాశాలల్లో ప్రదర్శితమై బతికాయి. దశాబ్దాల తరువాత బెర్లిన్‌లోని ఆర్సెనల్ సంస్థ ఆ చిత్రాన్ని పునరుద్ధరించింది. హైదరాబాదు చరిత్రకు అత్యంత విలువైన దృశ్యపత్రాన్ని భద్రపరచిన చోటు హైదరాబాదు కాకపోవడం గుర్తుంచుకోవలసిన విషయం. ముంబై అంతర్జాతీయ ఉత్సవం భారతీయ చిత్రాలకు సెన్సార్ పత్రం అడిగినప్పుడు 2004లో దేశవ్యాప్తంగా డాక్యుమెంటరీ దర్శకులు ‘వికల్ప్’ పేరుతో సమాంతర ప్రదర్శనలు జరిపిన ఉదంతం ఈ గడప ఎంత ఎత్తైనదో చెబుతుంది.

మరో గడప పౌరసత్వానిది. విశాఖపట్నం కంచరపాలెం వాసులే నటులుగా వెంకటేశ్ మహా తీసిన ‘కేరాఫ్ కంచరపాలెం’ (2018) న్యూయార్క్ భారతీయ చలనచిత్రోత్సవంలో ప్రదర్శితమై, ఇక్కడ ప్రశంసలు పొందింది. నిర్మాత ప్రవీణ పరుచూరి అమెరికా పౌరురాలు కావడం జాతీయ పురస్కారాల పరిశీలనకు అడ్డయింది. ప్రవాస తెలుగువారి డబ్బుతో చిన్న చిత్రాలు తయారవుతున్న కాలంలో ఈ నియమం ప్రభావం ఒక్క చిత్రానికే పరిమితం కాదు.

2023 మార్చిలో జరిగిన 95వ ఆస్కార్ వేడుకను ఈ కోణం నుంచి చూడవచ్చు. ‘ఆర్ఆర్ఆర్’ భారతదేశపు అధికారిక ఎంపిక కాదు. ఆ స్థానం గుజరాతీ చిత్రం ‘ఛెల్లో షో’ది. అమెరికా నగరాల్లో వారం రోజుల ప్రదర్శన చేసిన చిత్రానికి తక్కిన విభాగాల్లో పోటీపడే అర్హత ఉంటుంది. ఆ దారిలో వెళ్లి, దీర్ఘకాల ప్రచారంతో ‘నాటు నాటు’ పురస్కారం సాధించింది. అదే రాత్రి ముదుమలై ఏనుగుల సంరక్షకుల మీద తీసిన లఘు డాక్యుమెంటరీ ‘ది ఎలిఫెంట్ విస్పరర్స్’ కూడా గెలిచింది. దాని వెనుక నెట్‌ఫ్లిక్స్ ఉంది. ప్రతిభ రెండింటిలోనూ ఉంది. కానీ సినిమాహాలు అద్దెకూ, ప్రచారకర్తల రుసుముకూ డబ్బు లేని చిత్రానికి ఈ రెండు ఉదాహరణలూ ఆశ చూపుతాయే తప్ప దారి చూపవు.

గద్దర్ పేరుతో

రాష్ట్ర విభజన తరువాత నంది పురస్కారాలు ఆగిపోయాయి. 2014, 2015, 2016 సంవత్సరాలకు 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రకటించినవే చివరివి. తెలంగాణ ప్రభుత్వం గద్దర్ పేరుతో కొత్త పురస్కారాలను నెలకొల్పి, 2025 జూన్ 14న హైదరాబాదు హైటెక్స్‌లో ప్రదానం చేసింది. వాటి విధివిధానాలు రూపొందించే సంఘానికి బి. నర్సింగరావు అధ్యక్షత వహించారు. ఇందులోని చారిత్రక సంబంధం విస్మరించరానిది. గద్దర్ తెరపై కనిపించి పాడిన చిత్రం ‘మా భూమి’. ఆయన పాటలు వినిపించిన మరో చిత్రం ‘రంగుల కల’. రెండూ స్వతంత్ర చిత్రాలే. ఆయన నివసించినదీ, పాఠశాల నడిపినదీ, 2023 ఆగస్టులో ఖననమైనదీ సికింద్రాబాదు అల్వాల్‌లో. బెనెగల్ పుట్టిన తిరుమలగిరి అక్కడికి కూతవేటు దూరం.

ఆ పేరుతో తొలివిడత ఇచ్చిన ప్రథమ ఉత్తమ చిత్రాల వరుసలో ‘బాహుబలి 2’, ‘మహానటి’, ‘ఆర్ఆర్ఆర్’ ఉన్నాయి. 2024 సంవత్సరానికి ‘కల్కి 2898 ఏడీ’ ఉంది. చిన్న చిత్రంగా చెప్పదగినది 2023కు ఎంపికైన ‘బలగం’. తెలంగాణ చావు ఇంటి ఆచారాన్ని కథగా మలిచిన ‘బలగం’కు కూడా దిల్ రాజు సంస్థ అండ ఉంది. ‘మా భూమి’ వంటి చిత్రం ఈనాడు తయారైతే గద్దర్ పురస్కారాల్లో దాని స్థానం ఏమిటన్న ప్రశ్న అందువల్ల ఊహాజనితమైనది కాదు. తారలు లేని, పంపిణీదారు లేని, కొన్నిసార్లు సెన్సార్ పత్రం కూడా లేని చిత్రాల కోసం ప్రత్యేక విభాగం, దానికి తోడు రవీంద్రభారతి వంటి ప్రభుత్వ వేదికల్లో తప్పనిసరి ప్రదర్శన ఏర్పాటు చేస్తే ఒకనాటి ఆదివారం మధ్యాహ్నానికి దీటైన దారి ఏర్పడుతుంది. అందుకు చట్టం అవసరం లేదు, విధివిధానాల్లో ఒక్క వాక్యం చాలు.