‘ఘాజీ’ చలనచిత్రం: చరిత్ర – కల్పన

సంకల్ప్ రెడ్డి దర్శకత్వంలో 2017 ఫిబ్రవరి 17న తెలుగు, హిందీ భాషలలో విడుదలైన ‘ఘాజీ’ జలాంతర్గామి యుద్ధాన్ని ఇతివృత్తంగా స్వీకరించిన అరుదైన తెలుగు చిత్రం. 65వ జాతీయ చలనచిత్ర పురస్కారాలలో ఉత్తమ తెలుగు చిత్రంగా ఎంపికైంది. ఈ చిత్ర గుణదోషాలను దాని చారిత్రక మూలంతో పోల్చి పరిశీలించడం అవసరం.

పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ 1971 డిసెంబరు 3-4 తేదీల మధ్యరాత్రి విశాఖపట్నం తీరాన మునిగిపోయింది. విమానవాహక నౌక విక్రాంత్ దాని లక్ష్యం. విక్రాంత్‌ను అండమాన్ ప్రాంతానికి తరలించిన తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్, అది విశాఖ సమీపంలోనే ఉన్నట్లు భ్రమింపజేసే తంతిరహిత సందేశాలను ప్రసారం చేయించాడు. రాజ్‌పుత్ నౌక జారవిడిచిన డెప్త్ ఛార్జీల వల్ల ఘాజీ మునిగిందని భారత నౌకాదళం, ప్రమాదవశాత్తు జరిగిన పేలుడు వల్ల మునిగిందని పాకిస్తాన్ పేర్కొన్నాయి.

చిత్రం ఈ రెండింటినీ కాదని ఎస్-21 అనే భారత జలాంతర్గామికి విజయాన్ని ఆపాదించింది. కథ కల్పితమని ప్రారంభంలోనే ప్రకటించినా, ఘాజీ, విక్రాంత్ వంటి యథార్థ నామాలను నిలుపుకోవడం వల్ల ప్రేక్షకుని స్మృతిలో కల్పనే చరిత్రగా స్థిరపడే అవకాశం ఉంది. రాజ్‌పుత్ పాత్ర మరుగున పడటం ఇందులోని ప్రధాన లోపం.

శిల్పపరంగా చిత్రం బలమైనది. ఇరుకైన గదులు, సోనార్ శబ్దాలు, ఆజ్ఞల పునరుచ్చారణ ఉత్కంఠను పోషించాయి. ఆవేశపరుడైన కెప్టెన్ రణ్‌విజయ్ సింగ్‌కు, నియమబద్ధుడైన అర్జున్ వర్మకు మధ్య సంఘర్షణ కథకు నైతిక గాంభీర్యాన్ని ఇచ్చింది. శరణార్థి స్త్రీ పాత్ర మాత్రం సాక్షిగానే మిగిలిపోయింది. శత్రు నాయకుని చిత్రణలో సంక్లిష్టత కొరవడింది.

చరిత్రలో శత్రువుకు ఎర అయినది కపట సందేశం, చిత్రంలో జాతీయగీతాలాపన. రెండింటా శబ్దమే ఆయుధం. అయితే మొదటిది శత్రువు బుద్ధిని మోసగించగా, రెండవది అతని కోపాన్ని రెచ్చగొట్టింది. వ్యూహం స్థానంలో ఉద్వేగాన్ని నిలపడమే ఈ చిత్రం జనాదరణకూ, చారిత్రక బలహీనతకూ ఉమ్మడి కారణం. కనుక ‘ఘాజీ’ని 1971 యుద్ధానికి ఆధారంగా కాక, ఆ యుద్ధాన్ని తర్వాతి తరం ఊహించుకున్న తీరుకు ఆధారంగా గ్రహించడం సముచితం.