చప్పుడు లేని సాము

జగ్గయ్యపేటలో సాము చేసిన మా తాతయ్య తరానికి కాళ్ళ కింద మట్టి ఉండేది. తాలింఖానా అంటే పెద్ద కట్టడమేమీ కాదు. తాటాకు కప్పు, నడుమెత్తు మట్టిగోడ, మధ్యలో తవ్వి మెత్తగా చేసిన గోదా, ఓ మూల ఆంజనేయస్వామి పటం, గోడకు ఆనించిన కర్రలు, రెండు రాతిగుండ్లు. దసరాకీ పీర్ల పండక్కీ వీధుల్లో కర్ర తిప్పేది అక్కడ నేర్చినవాళ్ళే. హిందువులూ ముస్లింలూ ఒకే గురువు దగ్గర దండీలు తీశామని తాతయ్య గర్వంగా చెప్పేవారు.

ఆ విద్య పేటలో ఎందుకు పాతుకుందో ఊహించడం కష్టం కాదు. బేతవోలు అనే పల్లెను పద్దెనిమిదో శతాబ్దం చివర్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు పెంచి, తండ్రి జగ్గయ్య పేరు పెట్టాడు. తర్వాత అది మద్రాసు ప్రెసిడెన్సీ కొసన ఉన్న వ్యాపారపు ఊరు. కోదాడ వైపు కాస్త దూరం పోతే నిజాం రాజ్యం. సరుకు బళ్ళ వెంట నడిచేవాడికీ, రాత్రిళ్ళు కావలి కాసేవాడికీ కర్ర చేతిలో ఉండాల్సిందే, అది తిప్పడం వచ్చి ఉండాల్సిందే.

తాతయ్య నేర్పిన వాటిలో నాకు బాగా గుర్తున్నది అడుగు. కర్రసాములో అడుగు చప్పుడైతే ఆయన ఒప్పుకునేవారు కాదు. ముందు మునివేళ్ళు ఆనాలి, తర్వాత మడమ దిగాలి. దబ్బున పడిందంటే ఒంటి బరువు మన అదుపులో లేదన్నమాట. దండీలకూ, కూర్చుని లేచే బస్కీలకూ అదే లెక్క. ఎన్ని తీశావని అడిగేవారు కాదు, ఎంత నిదానంగా దిగావో చూసేవారు. పేటలో ఆడపిల్లకు తాలింఖానా గుమ్మం దాటే వీలు లేదు కాబట్టి నాకు ఇవన్నీ పెరట్లోనే నేర్పారు.

మా అమ్మకీ అమ్మమ్మకీ సాము అన్న మాటే లేదు. కాని రోలు ముందు గొంతుకూర్చుని పచ్చడి నూరడం, తిరగలి విసరడం, మెట్ట చేలల్లో వంగి మిరపకాయలు కోయడం, పత్తి తీయడం, ఏటి నుంచి నీళ్ళు మోయడం... ఇవి చేసినవాళ్ళకు వేరే వ్యాయామం అక్కర్లేకపోయింది. దాన్ని నేను పొగడడం లేదు. ఆ చాకిరీలో నడుములు విరిగాయి. మిక్సీ వచ్చింది, కుళాయి వచ్చింది, రావలసిందే వచ్చింది. అయితే గొంతుకూర్చోవడం మాత్రం దాంతోపాటే పోయింది. ఇవాళ నా ఈడు ఆడవాళ్ళలో నేల మీద కూర్చుని చేయి ఊతం లేకుండా లేవగలిగినవాళ్ళు తక్కువ.

బలం గురించి తెలుగువాళ్ళకు ఇద్దరి పేర్లు చెబితే చాలు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు విజయనగరంలో వ్యాయామ శిక్షకుడిగా మొదలై, సర్కస్ పెట్టి, ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసులు తెంచాడు. కలియుగ భీముడన్నారు. మా కృష్ణా జిల్లా గండిగుంటలో 1916లో పుట్టిన దండమూడి రాజగోపాలరావు 1948 లండన్ ఒలింపిక్స్‌లో బరువులెత్తాడు. 1963లో వచ్చిన నర్తనశాల సినిమాలో భీముడి వేషం ఆయనదే. విజయవాడ ఇండోర్ స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. జనానికి గుర్తున్నది గొలుసులూ బరువులే. రామమూర్తి బలం వెనక ఊపిరి బిగబట్టే సాధన, వాయుస్తంభన, ఉండేదని చెబుతారు. ఎవరికీ వినపడని ఆ సగం మనకు అందలేదు.

దాని బదులు మనకు అందింది డ్రిల్లు. 1920లో హ్యారీ క్రో బక్ మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ కళాశాల పెట్టాడు. అక్కడ, ఆ తర్వాత వచ్చిన శిక్షణ కళాశాలల్లో చదివినవాళ్ళు మన బడులకు డ్రిల్లు మాస్టర్లయ్యారు. ఆటలు, పోటీలు, ఆటస్థలం బడిలో భాగమయ్యాయంటే వాళ్ళ చలవే. నేనూ ఆ దారిలో వచ్చినదాన్నే, ఉద్యోగమంతా నందిగామ చుట్టుపక్కల జిల్లా పరిషత్ పాఠశాలల్లో చేశాను. కాని విజిలుతో పాటు ఒక చెడ్డ అలవాటు కూడా బడిలో చేరింది. ఆలస్యంగా వస్తే గుంజీలు, ఎక్కం రాకపోతే గోడకుర్చీ.

ఇక్కడ ఆగి చెప్పాలి, ఎందుకంటే ఈ నష్టం ఎవరూ లెక్కపెట్టలేదు. గుంజీలంటే బస్కీలకు తమ్ముడు. తొడ, పిరుదు, నడుము మూడూ ఒకేసారి పనిచేస్తాయి. గోడకు వీపు ఆనించి, మోకాళ్ళు వంచి, లేని కుర్చీలో కూర్చున్నట్టు నిలబడే గోడకుర్చీలో కదలికే లేదు. కండ బిగిసే ఉంటుంది, చప్పుడు సున్నా. ఇంట్లో, చిన్న గదిలో, ఏ సామానూ లేకుండా చేసుకోదగ్గ మంచి వ్యాయామాలు రెండింటినీ తీసుకెళ్ళి అవమానానికి కట్టేశాం. పెద్దయ్యాక గోడకుర్చీ వెయ్యమంటే నవ్వుతారు, లేదా ముఖం మాడ్చుకుంటారు. ఏ క్లాసులో ఎవరి ముందు వేశారో గుర్తొస్తుంది. వినాయకుడి ముందు మాత్రం చవితినాడు భక్తిగా గుంజీలు తీస్తాం. ఆ గౌరవం మిగతా ఏడాదికీ దక్కాలి.

ఈలోగా మన కాళ్ళ కింద నేల కూడా మారింది. పేట చుట్టూ భూమిలో ఉన్నది సున్నపురాయి. దాదాపు రెండు వేల ఏళ్ళ కిందట అలాంటి రాతి పలకలనే ఇక్కడి ధనబోడు దిబ్బ మీద బౌద్ధ స్తూపానికి తొడిగారు. అదే రాయి కోసం 1980లలో పేట దగ్గరి జయంతిపురంలో సిమెంటు ఫ్యాక్టరీ వచ్చింది. పెంకుటిళ్ళూ పాత మిద్దెలూ పోయి స్లాబులు లేచాయి. 1987లో అపార్ట్‌మెంట్ల చట్టం వచ్చినా మా మెట్టకు ఆ తరహా ఇళ్ళు మెల్లగా చేరాయి. 2014లో కొత్త రాజధాని మాట వచ్చాక హైవే వెంట నందిగామలో జోరందుకున్నాయి. ఇప్పుడు పేటా నందిగామా రెండూ ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి. నేనుంటున్నదీ నందిగామలో ఓ అపార్ట్‌మెంటు మూడో అంతస్తులోనే.

టేకు దూలాల మీద ఇటుకా సున్నమూ మందంగా పరిచిన పాత మిద్దె అడుగు దెబ్బను కొంత మింగేది. నాలుగైదంగుళాల కాంక్రీటు స్లాబు మింగదు. స్లాబు, బీము, స్తంభం అన్నీ ఒకే ముక్కగా పోసినవి కాబట్టి మడమ దెబ్బ ఇనుప గంట మోగినట్టు కట్టడమంతా పాకుతుంది. కిటికీలు మూస్తే టీవీ గోల తగ్గుతుంది గాని గెంతుల గోల తగ్గదు, అది గాలిలో కాదు, నేలలో ప్రయాణిస్తుంది.

మా భవనంలో ఈ సంగతి అందరికీ అర్థమైంది 2020లో. మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి లాక్‌డౌన్. జిమ్ములకు కేంద్రం మళ్ళీ అనుమతి ఇచ్చింది ఆగస్టు 5న. ఈలోగా రెండో అంతస్తు కుర్రాడు స్కిప్పింగు తాడు తెచ్చుకున్నాడు. మొదటి అంతస్తు ఆవిడ నా దగ్గరికొచ్చింది.

“టీచర్ గారూ, మీరన్నా చెప్పండి. తెల్లారకుండానే ఫ్యాను అదురుతోంది. మా మామయ్యగారు ఉలిక్కిపడి లేస్తున్నారు.”

అతను నా దగ్గర చదివినవాడే. పిలిచి అడిగితే, “జిమ్ములు మూశారు, రోడ్డెక్కితే పోలీసులు. ఎక్కడ చెయ్యమంటారు టీచర్?” అన్నాడు. న్యాయమైన ప్రశ్న. అతని మీద ఎవరూ కోప్పడలేదు. తాతయ్య లెక్కలో బస్కీలు తీయించాను. ఐదు అంకెలు లెక్కపెడుతూ దిగడం, కింద రెండు అంకెలు ఆగడం, ఐదు అంకెల్లో లేవడం. వందల గెంతులు గెంతే కుర్రాడికి పది బస్కీలకే తొడలు వణికాయి. నిదానంగా దిగితే బరువును చివరిదాకా కండే మోస్తుంది. గెంతితే ఆ దెబ్బను నేల మోస్తుంది, అంటే కింది ఇల్లు మోస్తుంది.

తాలింఖానాలోనూ గోదా మట్టి మీద గెంతుతూ తీసే బస్కీలు ఉండేవి. వాటిని మేడ మీదికి తేకండి. సూర్యనమస్కారాలకూ ఇదే జాగ్రత్త కావాలి. రెండు కాళ్ళూ ఒకేసారి వెనక్కి విసరకుండా ఒక్కొక్క కాలే తీసుకెళ్ళి ఆనిస్తే పక్క గదిలో నిద్రపోయేవాళ్ళకు కూడా తెలియదు. కింద జంపఖానా మడతపెట్టి వేసుకోండి. ఇనుప డంబెల్ టైల్స్ మీద పెట్టకండి, మంచం మీద పెట్టండి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు తలుపు చట్రం పట్టుకుని కుర్చీ ఎత్తు వరకే దిగండి. ఉదయం ఆరుకు ముందు నడక లాంటిది ఏదైనా మెట్ల కింద, ఆవరణలో పెట్టుకోండి.

తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను శారీరకంగా శిక్షించడాన్ని నిషేధించింది. అయినా గోడకుర్చీ ఇంకా కొన్ని తరగతుల్లో వెనక గోడకు కనపడుతూనే ఉంది. దయచేసి మానండి. గుంజీలనూ గోడకుర్చీనీ వ్యాయామం పీరియడ్‌లో, మీరూ పక్కన చేస్తూ, నేర్పండి. ఈ పిల్లల్లో చాలామంది రేపు ఏదో ఊళ్ళో మేడ మీద అద్దెకుండబోయేవాళ్ళే.