రాండనూజ్ సైకిలు

సుదూర యాత్రల కోసం 20వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో రూపుదిద్దుకున్న ఉక్కు సైకిలును రాండనూజ్ అంటారు. పందెం సైకిలు చురుకుదనాన్ని కోల్పోకుండానే వెడల్పు టైరు, దానిపై మడ్‌గార్డు రాసుకోకుండా ఇమిడేంత చోటు కలిగి ఉండటం దీని ముఖ్య లక్షణం. సెంతెతియెన్ నగరంలో 1887లో సైకిలు పత్రిక నెలకొల్పిన పాల్ ద వివీ (1853–1930) కొండదారులకు గేర్లు, వెడల్పు టైర్లు అవసరమని జీవితాంతం వాదించగా, తరువాతి తరంలో రెనే ఎర్స్ వంటి పారిస్ నిపుణులు ఆ ఆలోచనకు సొగసైన రూపమిచ్చారు.

చోటు కల్పించడంలో అసలు చిక్కు పెడళ్ల ఇరుసు వెనుకనే ఉంది. వెనుక చక్రానికి ఇరువైపులా సాగే సన్నని గొట్టాలు లోపల టైరుకూ, బయట పళ్లచక్రానికీ దారి ఇవ్వవలసి ఉండటంతో, తయారీదారు ఆ భాగాన్ని నొక్కి పలచగా చేస్తాడు; పగలకుండా వంగే గుణం ఉక్కుకు ఉన్నందునే ఇది సులభసాధ్యం. 650బి అనే కొలతలో రిమ్ వ్యాసం 584 మి.మీ. కాబట్టి, దానికి 42 మి.మీ. టైరు తొడిగితే చక్రం మొత్తం వ్యాసం, 622 మి.మీ. రిమ్‌పై 23 మి.మీ. పందెం టైరు ఉన్న చక్రంతో దాదాపు సమానమవుతుంది. వెడల్పు టైరులో గాలి ఒత్తిడి తక్కువగా ఉంచవచ్చు గనుక గతుకుల అదురు చేతులకు, నడుముకు అంతగా తాకదు. సుమారు 1,200 కి.మీ. దూరాన్ని గరిష్ఠంగా 90 గంటల్లో పూర్తిచేయవలసిన పారిస్–బ్రెస్ట్–పారిస్ యాత్రలో ఈ సౌకర్యం వేగమంత విలువైనది.