కన్నవారి హక్కు ఎక్కడ ముగుస్తుంది? దత్తత చట్టాల చరిత్రలో భారత క్రైస్తవులు

పరిచయం

దత్తత అనగానే క్రైస్తవ విశ్వాసికి మొదట జ్ఞాపకం వచ్చేది అపొస్తలుడైన పౌలు వాడిన "దత్తపుత్రాత్మ" అనే మాట (రోమా 8:15). మన ప్రసంగాలలోను, తరగతి పాఠాలలోను దత్తత అంటే చేర్చుకొనుట, హక్కులిచ్చుట, వారసులనుగా చేయుట. ఇది సత్యమే. అయితే చట్టం దృష్టిలో దత్తతకు రెండు భాగాలున్నాయి. బిడ్డ ఒక ఇంట చేరకముందు, మరొక ఇంటితో ఆ బిడ్డకున్న బంధం చట్టరీత్యా తెగిపోవాలి. ఆ బంధాన్ని తెంచే అధికారం ఎవరిది? ఎప్పుడు? ఎవరి సమ్మతితో? దత్తతను గూర్చి చట్టం చేసిన సమాజాలు ఈ ప్రశ్నలకు జవాబు వెదకక తప్పలేదు.

ఈ వ్యాసం ఆ ప్రశ్నలను రోమా చట్టం, హిందూ ధర్మశాస్త్రం, బ్రిటిష్ పాలన, స్వతంత్ర భారతదేశం అనే క్రమంలో పరిశీలిస్తుంది. బిడ్డను చేర్చుకొనుటను గూర్చి సంఘానికి గొప్ప వేదాంతం ఉంది గాని, బిడ్డను విడిచిపెట్టే తల్లిని గూర్చి మనం తగినంతగా ఆలోచించలేదన్నది ఇందులోని ప్రధాన వాదన. పిల్లలు లేని దంపతులు, పెంచుకొనలేని తల్లి, ఇద్దరూ సంఘకాపరి గడపకే వస్తారు గనుక ఇది కేవలం గతచరిత్ర కాదు.

1. రోమా చట్టం: తండ్రి అధికారం

రోమా కుటుంబంలో తండ్రికి తన సంతానంపై జీవితాంతం అధికారం ఉండేది. కుమారునికి పెండ్లియై పిల్లలు పుట్టినా అది పోదు. ఇటువంటి అధికారాన్ని తెంచుట ఎలా? క్రీ.పూ. 5వ శతాబ్ది మధ్యలో ఏర్పడిన పన్నెండు పలకల శాసనంలో ఒక నియమం ఉంది. తండ్రి తన కుమారుని మూడుసార్లు అమ్మితే ఆ కుమారుడు తండ్రి అధికారం నుండి విడుదల పొందుతాడు. న్యాయవేత్తలు దీనినే దత్తతకు మార్గంగా మలచుకున్నారు. తండ్రి నామమాత్రంగా కుమారుని అమ్మేవాడు, కొన్నవాడు విడిపించేవాడు, కుమారుడు తిరిగి తండ్రి అధికారం క్రిందికి వచ్చేవాడు. మూడవ అమ్మకంతో ఆ అధికారం పూర్తిగా తెగిపోయేది. అప్పుడు దత్తత తీసుకొనేవాడు న్యాయాధికారి యెదుట "వీడు నా కుమారుడు" అని దావా వేసేవాడు. ఎదుటి పక్షం మౌనం వహించేది. అధికారి తీర్పు చెప్పేవాడు. 2వ శతాబ్దికి చెందిన న్యాయవేత్త గాయస్ ఈ తంతును వివరించాడు.

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. మొదటిది, ఈ దత్తత ముఖ్యంగా ఇంటి పేరును, ఆస్తిని, అధికారాన్ని నిలబెట్టుటకు ఏర్పడినది. దత్తతకు వచ్చినవారిలో చాలామంది పెద్దవారే. క్రీ.శ. 50లో క్లౌదియ చక్రవర్తి నీరోను దత్తత తీసుకున్నాడు. పౌలు రోమా సంఘానికి పత్రిక వ్రాసేనాటికి సింహాసనం మీద ఉన్నది ఆ దత్తపుత్రుడే. పౌలు మాట వెనుక రోమా చట్టం ఉందని కొందరు, ఇశ్రాయేలును దేవుడు కుమారునిగా పిలిచిన నిర్గమ 4:22 వంటి పాత నిబంధన భావన ఉందని మరికొందరు పండితులు తలుస్తారు. రోమా 9:4 చదివితే రెండవ అభిప్రాయాన్ని త్రోసివేయలేము. రెండవ విషయం, ఈ తంతులో తల్లికి చోటే లేదు. ఆమెకు బిడ్డపై అధికారం లేదు గనుక ఆమె సమ్మతిని ఎవరూ అడగనవసరం లేదు.

క్రైస్తవ చక్రవర్తుల కాలంలో ఈ ప్రశ్న మరో రూపంలో వచ్చింది. పారవేయబడిన శిశువు ఎవరి బిడ్డ? 331లో కాన్‌స్టంటైన్ చేసిన చట్టం ప్రకారం, అట్టి శిశువును తీసి పెంచినవాడు కుమారునిగానో దాసునిగానో ఉంచుకోవచ్చు. తెలిసి పారవేసిన తండ్రి మరల వచ్చి అడుగరాదు. 529లో జస్టీనియన్ అట్టి పిల్లలను ఎవరూ దాసులుగా చేయరాదని శాసించాడు. 530లో ఆయన దత్తత చట్టాన్నే మార్చాడు. బయటివాడు దత్తత తీసుకుంటే బిడ్డ కన్న తండ్రి అధికారం క్రిందనే, ఆ కుటుంబపు వారసత్వ హక్కుతోనే ఉంటాడు. పూర్తిగా తెగిపోవుట తాతవంటి పూర్వికుడు దత్తత తీసుకున్నప్పుడే. దత్తపోయిన బిడ్డ రెండిండ్లకూ కాకుండా పోతాడనే భయం ఈ మార్పుకు కారణం.

2. హిందూ ధర్మశాస్త్రం: ఇచ్చి పుచ్చుకొనుట

మన దేశంలో దత్తతకు ప్రాచీనమైన చరిత్ర ఉంది. తల్లిదండ్రుల రక్తమాంసాల నుండి పుట్టినవాడు గనుక పుత్రుని ఇచ్చే అధికారం వారికే ఉందని వసిష్ఠ ధర్మసూత్రం చెప్పింది. ఒక్కగానొక్క కుమారుని ఇవ్వరాదని, భర్త అనుమతి లేక స్త్రీ ఇవ్వరాదని, తీసుకొనరాదని కూడా అది విధించింది. 17వ శతాబ్దిలో నందపండితుడు రచించిన దత్తక మీమాంస బ్రిటిష్ న్యాయస్థానాలలో ప్రమాణ గ్రంథమైంది. ఈ సంప్రదాయంలో దత్తతకు ప్రాణం "ఇచ్చి పుచ్చుకొనుట". కన్నవారు తమ చేతులతో బిడ్డను అప్పగించాలి, తీసుకొనేవారు అందుకోవాలి. పిండప్రదానం, వంశం నిలుచుట దీని పరమార్థం గనుక కుమార్తెను దత్తత తీసుకొనుట సాధారణ విధిగా లేదు.

1956 డిసెంబరులో అమలులోకి వచ్చిన హిందూ దత్తత, మనోవర్తి చట్టం కుమార్తెల దత్తతను అనుమతించింది. అయితే ఇది హిందువులు, బౌద్ధులు, జైనులు, సిక్కులకే వర్తిస్తుంది. బిడ్డను ఇచ్చే హక్కు మొదట తండ్రికి, తల్లి సమ్మతితో. 2010 సవరణతో తల్లికి కూడా సమాన హక్కు కలిగింది. కాని ఒక మినహాయింపు నేటికీ ఉంది. తల్లిదండ్రులలో ఒకరు హిందువుగా ఉండుట మానితే వారి సమ్మతి లేకుండానే రెండవవారు బిడ్డను ఇవ్వవచ్చు. అంటే తల్లి క్రీస్తును అంగీకరించి మతం మారితే, తన బిడ్డ విషయంలో ఆమె మాటకు ఈ చట్టం క్రింద విలువ లేకుండా పోవచ్చు. నూతన విశ్వాసుల కుటుంబాల మధ్య పరిచర్య చేసే కాపరులు ఈ నిబంధనను తెలిసికొని ఉండాలి.

3. బ్రిటిష్ పాలన: దత్తత లేని క్రైస్తవులు

క్రైస్తవులకు దత్తత చట్టం ఎందుకు లేకపోయింది? దీనికి జవాబు బైబిలులో లేదు, వలసపాలనలో ఉంది. దత్తమండలాలలో ఒకటైన బళ్ళారిలోని ఒక క్రైస్తవ కుటుంబపు ఆస్తి వివాదం అబ్రహాము వర్సెస్ అబ్రహాము పేరుతో లండనులోని ప్రీవీ కౌన్సిలు వరకు వెళ్ళింది. మతం మారినవాడు పాత హిందూ చట్టాన్ని అనుసరించవచ్చు, లేదా విడిచిపెట్టవచ్చునని, అతని జీవన విధానమే దానికి సాక్ష్యమని 1863లో తీర్పు వచ్చింది. రెండేండ్లకే ఆ వెసులుబాటు పోయింది. 1865 భారత వారసత్వ చట్టం క్రైస్తవులను ఇంగ్లీషు నమూనాలోని వారసత్వ నియమాల క్రిందికి తెచ్చింది. దాని స్థానంలో వచ్చిన 1925 చట్టం కూడా అంతే. అందులో బంధుత్వమంటే ఒకే పూర్వికుని నుండి పుట్టుట. దత్తత ప్రస్తావన లేదు.

ఇంగ్లాండులోనే దత్తత చట్టం 1926 వరకు లేదు. తమ దేశంలో లేనిదానిని పాలకులు ఇక్కడి క్రైస్తవులకు ఇవ్వలేదు. మిగిలిన దారి 1890 సంరక్షకుల, ఆశ్రితుల చట్టం. దాని క్రింద బిడ్డకు సంరక్షకులు దొరుకుతారు, తల్లిదండ్రులు దొరకరు. బిడ్డకు యుక్తవయస్సు రాగానే ఆ సంబంధం ముగుస్తుంది. వీలునామా వ్రాస్తే తప్ప వారసత్వం రాదు. తండ్రి బ్రతికి ఉండి అనర్హుడని కోర్టు తలచనంతవరకు మరొకరిని సంరక్షకునిగా నియమించకూడదన్నది ఆ చట్టంలోని 19వ సెక్షను. అక్కడ తల్లి ప్రస్తావన 2010 సవరణతో చేరింది. పెంచి పెద్దచేసిన కుమారుడు తండ్రి భూస్థాపన అయిన మరునాడు ఆస్తి విషయంలో పరాయివాడు కావచ్చుననేది ఈ చట్టపు చేదు ఫలితం.

4. రాని చట్టం, వచ్చిన తీర్పులు

అన్ని మతాలవారికి వర్తించే దత్తత బిల్లు 1972లో రాజ్యసభ ముందుకు వచ్చింది, 1978లో ఉపసంహరించబడింది. ముస్లింలను మినహాయించిన మరొక బిల్లు 1980లో వచ్చి చట్టం కాకుండానే పోయింది. ఈ శూన్యంలో విదేశీ దంపతులు సంరక్షకులుగా నియమింపబడి బిడ్డలను తీసికొని వెళ్ళేవారు. ఇందులో జరిగే అన్యాయాలను గూర్చి న్యాయవాది లక్ష్మీకాంత్ పాండే 1982లో సుప్రీంకోర్టుకు లేఖ వ్రాశారు. 1984 ఫిబ్రవరిలో జస్టిస్ పి.ఎన్. భగవతి వ్రాసిన తీర్పు దత్తత చరిత్రలో మైలురాయి. కన్న తల్లిని గూర్చిన మాటలు దానిలో ముఖ్యమైనవి. బిడ్డ పుట్టకముందుగాని, పుట్టిన మూడు నెలలలోపుగాని బిడ్డను ఇచ్చే నిర్ణయం చేయుటకు కన్నవారిని ప్రేరేపించరాదు, అనుమతింపరాదు. ఆలోచించుకొనే వ్యవధి వారికుండాలి.

తీర్పు కాగితం మీద ఉండగా తెలుగు నేలపై జరిగినది వేరు. 1999లోను, 2001లోను హైదరాబాదు కేంద్రంగా శిశువుల క్రయవిక్రయాలు బయటపడ్డాయి. నల్గొండ జిల్లా దేవరకొండ ప్రాంతం వంటి చోట్ల లంబాడీ తండాల నుండి ఆడశిశువులను దళారులు కొద్దిపాటి సొమ్మిచ్చి తెచ్చారని, తల్లిదండ్రుల వేలిముద్రలతో విడుదల పత్రాలు తయారయ్యాయని ఆరోపణలు, పోలీసు కేసులు వచ్చాయి. ఆరోపణలు ఎదుర్కొన్న సంస్థలలో క్రైస్తవులు నడిపినవి కూడా ఉన్నాయి. పేదరికం, అధిక సంతానం, ఆడపిల్ల వద్దనుకొనుట వంటి కారణాలతో బిడ్డను వదులుకొనుటను నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2001లో ఉత్తర్వు ఇచ్చింది. ఆకలి ఒత్తిడిలో వేసిన వేలిముద్ర సమ్మతి కాదని ఆ ఉత్తర్వు ఒప్పుకున్నట్లే.

క్రైస్తవ దంపతుల దత్తపుత్రునికి వారసత్వ హక్కు ఉందని 1999లో కేరళ హైకోర్టు తీర్పునిచ్చింది. బాలల న్యాయ చట్టం, 2000, మతభేదం లేకుండా దత్తతకు ద్వారం తెరిచింది. 2006 సవరణ దత్తతకు నిర్వచనమిచ్చింది. ఆ నిర్వచనంలో బిడ్డ కన్నవారి నుండి శాశ్వతంగా వేరగుట మొదట, పెంచుకొన్నవారి చట్టబద్ధ సంతానమగుట తరువాత వస్తుంది. ఏ మతస్థులైనా కోరుకుంటే ఈ చట్టం క్రింద దత్తత తీసుకోవచ్చునని 2014లో షబ్నం హష్మీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

5. నేటి చట్టం

ఇప్పుడు అమలులో ఉన్నది 2015 బాలల న్యాయ చట్టం. కన్నవారి హక్కును రద్దు చేయుటకు ప్రత్యేకమైన దావా దీనిలో లేదు. జిల్లాలోని బాలల సంక్షేమ సమితి బిడ్డను "దత్తతకు చట్టరీత్యా స్వేచ్ఛ గలవాడు" అని ప్రకటించుటే ఆ ద్వారం. పెంచలేని తల్లి సమితి యెదుటకు రావాలి, సమితి ఆమెతో మాట్లాడాలి, అప్పగింత పత్రం అక్కడే వ్రాయాలి. ఆ తరువాత ఆమె మనసు మార్చుకొనుటకు రెండు నెలల గడువుంటుంది. ఎవరిదో తెలియని శిశువు విషయంలో కన్నవారిని వెదకిన తరువాతే ప్రకటన. దత్తత ఉత్తర్వు 2022 సెప్టెంబరు నుండి కోర్టుకు బదులు జిల్లా మేజిస్ట్రేటు ఇస్తున్నారు. ఉత్తర్వుతో పుట్టింటి బంధాలు తెగిపోతాయి, బిడ్డకు అంతకుముందే సంక్రమించిన ఆస్తి మాత్రం బిడ్డదే.

అక్క బిడ్డను చెల్లెలు, అన్న బిడ్డను తమ్ముడు పెంచుకొనుట మన ఇండ్లలో మామూలే. ఇట్టి బంధువుల దత్తతకు కూడా మతభేదం లేకుండా ఇదే చట్టంలో మార్గముంది. కాని స్టాంపు కాగితం మీద ఇరువురు సాక్షులతో, కాపరి సంతకంతో వ్రాసుకొన్న ఒప్పందం క్రైస్తవులకు దత్తత కాదు. పద్ధతి తప్పి బిడ్డను ఇచ్చినా, తీసుకున్నా మూడేండ్ల వరకు జైలుగాని, లక్ష రూపాయల జరిమానాగాని, రెండూగాని పడవచ్చు. సొమ్ము చేతులు మారితే అది శిశు విక్రయం, శిక్ష మరింత కఠినం.

ముగింపు

రోమా చట్టం తల్లిని అడగలేదు. ధర్మశాస్త్రం ఆమెను భర్త అనుమతి క్రింద ఉంచింది. వలస చట్టం తండ్రినే చూసింది. బిడ్డను ఇచ్చే తల్లి ఒక మనిషి అని, ఆమెకు ఆలోచించుకొనే గడువు కావాలని మన చట్టం గుర్తించుటకు 1984 వరకు పట్టింది. సంఘం ఈ విషయంలో చట్టంకంటె వెనుక ఉండరాదు.

లేఖనం ఈ తల్లిని మరచిపోలేదు. మోషేను చేర్చుకొన్నది ఫరో కుమార్తె. అయినా నిర్గమ 2వ అధ్యాయం దాచలేని దశ వచ్చేవరకు దాచిన తల్లితో మొదలవుతుంది. ఆమె బిడ్డను వదిలినది ఇష్టంతో కాదు, ఫరో ఆజ్ఞ వలన. హెబ్రీ 11:23 ఆ తల్లిదండ్రులను విశ్వాసవీరుల వరుసలో నిలిపింది. కాబట్టి ఒక తల్లి బిడ్డతో మన గడపకు వచ్చినప్పుడు "ఈ బిడ్డను ఎవరికిద్దాం?" అనే ప్రశ్నకు ముందు వేరొకటి అడగాలి: "అమ్మా, ఈ బిడ్డను నీవే పెంచుకొనుటకు మేమేమి చేయగలం?" ఆమె నిర్ణయం అప్పటికీ మారకపోతే, ఆమెతోకూడ సమితి వరకు నడిచి వెళ్ళుట, ఆ రెండు నెలలు ఆమెను ఒత్తిడి చేయకుండుట, తరువాత ఆమెను సంఘంలో నిందకు గురిచేయకుండుట కాపరి పని. దత్తపుత్రాత్మను గూర్చి మనం చేసే బోధ ఆ తల్లికి కూడా సువార్తగా వినబడాలి.