పక్షిని చూచి మానవుడు నేర్చినది

మనవారిలో ఒక సామెత ఉంది: 'నఖల్ కూ భీ అఖల్ హోనా'. ఒకరిని చూచి చేయడానికైనా తెలివి కావాలి అని దీని భావం. పరీక్షల రోజుల్లో పిల్లలను మందలించడానికి ఈ మాటను నేను ఎన్నోసార్లు వాడాను. మానవుడు ఆకాశంలోకి ఎగిరిన చరిత్ర అంతా ఈ ఒక్క సామెతలో ఇమిడి ఉన్నదని మాత్రం ఆలస్యంగా గ్రహించాను.

కొన్ని సంవత్సరాల క్రితం తరగతిలో విమానం పాఠం చెబుతున్నాను. విమానాన్ని ఎవరు కనిపెట్టారని అడిగితే పిల్లలంతా ఒక్క గొంతుతో 'రైట్ సోదరులు' అన్నారు. కిటికీ దగ్గర కూర్చున్న ఒక కుర్రవాడు మాత్రం బయటికి చూస్తూ, 'సర్, చీల్ పర్ హిలాతీచ్ నై, ఫిర్ ఉడ్తీ కైసా?' అన్నాడు. గద్ద రెక్కలు ఆడించడమే లేదు, మరి ఎలా ఎగురుతున్నదని వాడి సందేహం. 'అది పాఠంలో లేదు, కూర్చో' అన్నాను. నిజం చెప్పాలంటే జవాబు నాకే తెలియదు. వాడు మళ్ళీ నన్ను ఏ ప్రశ్నా అడగలేదు. ఆ బాకీ తీర్చుకోవడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

9వ శతాబ్దంలో స్పెయిన్ దేశంలోని కొర్దోబా నగరంలో అబ్బాస్ ఇబ్నె ఫిర్నాస్ అనే పండితుడు ఉండేవాడు. ఆయన కవి, ఖగోళ శాస్త్రం తెలిసినవాడు, యంత్రాలు చేసే నేర్పు గలవాడు. 887లో మరణించాడు. ఒంటికి ఈకలు తొడుక్కుని, రెక్కలు కట్టుకుని ఎత్తయిన చోటు నుండి గాలిలోకి దూకి, కొంత దూరం ఎగిరాడనీ, దిగేటప్పుడు వీపుకు దెబ్బ తగిలిందనీ 17వ శతాబ్దపు చరిత్రకారుడు అల్ మఖ్ఖరీ రాశాడు. దెబ్బకు కారణం కూడా ఆయనే చెప్పాడు: పక్షి దిగడానికి తోక ఎంత ముఖ్యమో తెలియక, ఇబ్నె ఫిర్నాస్ తోక పెట్టుకోలేదట. ఆయన కాలానికీ ఈ రాతకూ మధ్య ఏడు వందల ఏళ్ళకు పైగా ఎడం ఉంది కనుక ప్రతి వివరమూ అక్షరాలా నిజమని పట్టుబట్టనవసరం లేదు. కానీ అందులోని నీతి గట్టిది. రెక్క అందరి కళ్ళకూ కనబడుతుంది. తోక చేసే పని ఓపికగా చూచినవాడికే కనబడుతుంది. 1976లో చంద్రునిపై ఉన్న ఒక బిలానికి ఆయన పేరు పెట్టారు.

ఇటలీ చిత్రకారుడు లియొనార్డో డావించి 1505 ప్రాంతంలో పక్షులు ఎగిరే తీరు మీద ఒక నోటు పుస్తకమే నింపాడు. ఆ తరువాత చూపుతో పాటు కొలతను కూడా జోడించినవాడు జర్మనీ ఇంజనీరు ఒట్టో లిలియెంథాల్. ఆయన గురువులు కొంగలు. కొంగ రెక్క బల్లపరుపుగా ఉండదు, పైకి కొంచెం వంపు తిరిగి ఉంటుంది. ఆ వంపు వల్లనే గాలి రెక్కను బాగా పైకెత్తుతుందని కొలిచి చూపించి 1889లో గ్రంథం రాశాడు. 1891 నుండి తానే రెక్కలు తయారు చేసుకుని సుమారు 2000 సార్లు గాలిలో తేలాడు. 1896 ఆగస్టు 9న అలా ఎగురుతూ కిందపడి, మరునాడు కన్నుమూశాడు.

ఆ మరణవార్త అమెరికాలో డేటన్ అనే ఊళ్ళో సైకిళ్ళు చేసి అమ్ముకునే ఇద్దరు అన్నదమ్ములను ఆలోచనలో పడవేసింది. వారే విల్బర్, ఆర్విల్ రైట్‌లు. పక్షి ఒక పక్కకు ఒరిగినప్పుడు రెక్కల కొసలను కొద్దిగా మెలి తిప్పి నిలదొక్కుకుంటుందని వారు గమనించారు. 1899లో విల్బర్ ఒక అట్టపెట్టెను చేతుల్లో మెలి తిప్పుతూ, విమానం రెక్కను కూడా ఇలాగే తిప్పవచ్చునని కనిపెట్టాడు. పాత లెక్కలు సరిపోకపోతే 1901లో ఒక గాలి సొరంగాన్ని తామే చేసుకుని 200 దాకా రెక్కల నమూనాలను పరీక్షించారు. 1903 డిసెంబరు 17న ఇంజనుతో వారి యంత్రం లేచింది. మొదటిసారి ఎగిరింది 12 సెకన్లు, 120 అడుగులు మాత్రమే. అది ఈకలు అంటించుకోలేదు, రెక్కలు ఆడించలేదు. పక్షి రూపాన్ని వదిలి, పక్షి సూత్రాన్ని పట్టుకుంది. అఖల్‌తో చేసిన నఖల్ అంటే ఇదే.

ఇదంతా పాత సంగతి అనుకోవద్దు. జపాన్‌లో వేగంగా పోయే రైలు సొరంగంలోకి దూరితే ముందున్న గాలి ఒత్తుకుని అవతలి వైపున పెద్ద చప్పుడయ్యేది. ఊళ్ళవాళ్ళు ఫిర్యాదు చేసేవారు. రైల్వే ఇంజనీరు ఎయిజి నకత్సుకు పక్షులను చూడడం అలవాటు. లకుముకి పిట్ట నీళ్ళలోకి దూకితే నీరు ఎక్కువ చిందదని ఆయనకు తెలుసు. పరీక్షలు చేసి చూస్తే చప్పుడు తగ్గించే ఆకారం ఆ పిట్ట ముక్కుకు దగ్గరగానే తేలింది. ఆ పొడవాటి ముక్కుతో చేసిన రైలు 1997లో గంటకు 300 కిలోమీటర్ల వేగంతో నడిచింది. పైనున్న కరెంటు తీగను తాకే భాగం చేసే రొదను తగ్గించడానికి గుడ్లగూబ ఈకల అంచును చూచి నేర్చుకున్నారు. ఆ లకుముకి పిట్ట మన చెరువు గట్టున కరెంటు తీగ మీద కూడా కూర్చుంటుంది. మనం ఎన్నడైనా దానివైపు నిలబడి చూచామా?

ఇక ఆ కుర్రవాడి ప్రశ్నకు జవాబు. ఎండకు నేల వేడెక్కితే దానిమీది గాలి కూడా వేడెక్కి పైకి లేస్తుంది. గద్ద ఆ గాలిలోనే గుండ్రంగా తిరుగుతుంది. లేచే గాలే దానిని మోస్తుంది, అందుకే రెక్కలు ఆడించే శ్రమ లేదు. ఇంజను లేని గ్లైడర్లు నడిపేవారు కూడా ఈ గాలినే వెతుక్కుంటారు. ఇంతే జవాబు. ఆనాడు 'నాకూ తెలియదు బేటా, ఇద్దరం కలిసి తెలుసుకుందాం' అని ఉంటే సరిపోయేది.

మన ఇళ్ళలో ఎందరో పిల్లలు సాయంత్రం పూట సైకిల్ షాపుల్లో, మెకానిక్ షెడ్లలో తండ్రికి చేయి సాయం చేస్తారు. వాళ్ళ చేతులకు పని తెలుసు. రైట్ సోదరులు అటువంటి షాపు నుండి వచ్చినవారే. చదువు అక్కరలేదని నేను అనడం లేదు. చేతిపనికి చదువు, చదువుకు చూపు తోడు కావాలి అంటున్నాను. మన సంఘం ఏటా నోటు పుస్తకాలు పంచినట్లే, ఏడాదికి ఒక్క రోజు పిల్లలను చెరువు గట్టుకు తీసుకుపోయి, చూచినది ఆ పుస్తకాల్లో రాయించగలిగితే ఎంతో మేలు. వెంట రావడానికి నేను సిద్ధం. తల్లిదండ్రులను కోరేది కూడా ఒక్కటే: పిల్లవాడు ఆకాశం వైపు చూస్తూ ప్రశ్న వేస్తే, నాలాగా కూర్చోమనకండి.