బిహేవియరల్ యాక్టివేషన్

డిప్రెషన్‌కు చేసే మానసిక చికిత్సల్లో బిహేవియరల్ యాక్టివేషన్ ఒకటి. మనసు కుదుటపడ్డాక పనుల్లో పడదామని ఎదురుచూడకుండా, తనకు విలువైన పనుల్ని చిన్న చిన్న ముక్కలుగా, వేళ ముందే అనుకుని మళ్లీ మొదలుపెట్టడం ఇందులో కీలకం. పని జరిగాకే ఉత్సాహం వస్తుందన్నది దీనికి ఆధారమైన ఆలోచన. వినడానికి ‘లేచి ఏదో ఒక పని చెయ్యి’ అని ఇంట్లో పెద్దలు చెప్పే మాటలాగే ఉంటుంది. అయితే ఆ మాట డిప్రెషన్‌లో ఉన్నవాళ్లను ఎంతగా గాయపరుస్తుందో, ఈ చికిత్స ఎందుకు గాయపరచదో తెలిస్తేనే దీని విలువ బోధపడుతుంది.

పుట్టుక

అమెరికన్ మనస్తత్వవేత్త చార్లెస్ ఫెర్‌స్టర్ 1973లో డిప్రెషన్‌ను ప్రవర్తన వైపు నుంచి విశ్లేషిస్తూ ఒక వ్యాసం ప్రచురించారు. కుంగిపోయిన మనిషి చేసే పనుల్లో చాలా భాగం ఏదో ఒక బాధను తప్పించుకోవడానికేనని ఆయన గమనించారు. అదే కాలంలో ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో పీటర్ లెవిన్‌సన్, తృప్తినిచ్చే అనుభవాలు తగ్గేకొద్దీ మనిషి మరింత ముడుచుకుపోతాడని, ముడుచుకునేకొద్దీ ఆ అనుభవాలు ఇంకా తగ్గుతాయని వివరించారు. సంతోషాన్నిచ్చే పనులతో 320 అంశాల జాబితా కూడా ఆయన బృందం తయారుచేసింది. ఆ తర్వాత ఆరన్ బెక్ రూపొందించిన కాగ్నిటివ్ థెరపీ ముందుకొచ్చింది. ఆలోచనల్లోని తప్పుల్ని సరిదిద్దడమే అసలు చికిత్స అయింది. రోజువారీ పనులు వేసుకోవడం దానికి తొలిమెట్టుగా మాత్రం మిగిలింది.

తొలిమెట్టు ఒక్కటే సరిపోతుందా అన్న ప్రశ్న వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో నీల్ జేకబ్సన్‌కు వచ్చింది. ఆయన బృందం బెక్ చికిత్సను భాగాలుగా విడదీసి సుమారు 150 మందిపై పరీక్షించింది. ఒక గుంపుకు పూర్తి చికిత్స, ఒక గుంపుకు కొంత భాగం, మరో గుంపుకు పనుల భాగం ఒక్కటే ఇచ్చారు. 1996లో వెలువడిన ఫలితాల్లో ఈ మూడు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. రెండేళ్ల తర్వాత చూసినా అంతే. ఆలోచన మారితేనే మనిషి మారతాడని గట్టిగా నమ్ముతున్న రోజుల్లో వచ్చిన ఈ ఫలితం ఆ రంగాన్ని నిజంగానే కుదిపింది. జేకబ్సన్ 1999లో మరణించారు. క్రిస్టఫర్ మార్టెల్, మైకేల్ ఆడిస్‌లతో కలిసి ఆయన రాసిన పుస్తకం 2001లో వచ్చింది.

పద్ధతి

మొదట చేసేది రాసుకోవడం. ఒక వారంపాటు గంటగంటకూ ఏం చేస్తున్నారో, అప్పుడు మనసు ఎలా ఉందో సున్నా నుంచి పది దాకా ఒక అంకె వేస్తారు. రోజంతా ఒకేలా ఉందనుకునే మనిషికి, కాగితం మీద చూస్తే ఎక్కడో ఒక నాలుగు, ఎక్కడో ఒక ఐదు కనిపిస్తాయి. ఆ అంకె పడ్డ గంటలో ఏం జరిగిందన్నదే కౌన్సెలర్ వెతికేది.

పిల్లలు పైచదువులకు వెళ్లిపోయాక ఇంట్లో ఒంటరైన ఒక గృహిణిని ఊహించుకుందాం. మధ్యాహ్నం అక్క ఫోన్ చేస్తుంది. మాట్లాడాలనిపించదు, ఫోన్ మోగి మోగి ఆగిపోతుంది. ఆగిన ఆ క్షణాన గుండె తేలికవుతుంది. మర్నాడూ ఎత్తకపోవడానికి ఆ తేలికదనమే కారణమవుతుంది. సాయంత్రానికి అక్క ఏమనుకుందోనన్న బెంగ మొదలవుతుంది, అంకె రెండుకు పడిపోతుంది. కొన్నాళ్లకు అక్క కూడా చేయడం తగ్గిస్తుంది. ఆమెకు సోమరితనం అంటగట్టడానికి ఇందులో చోటు లేదు. తాత్కాలికంగా ఉపశమనం ఇచ్చిన ప్రవర్తనే ఆమెను ఒంటరితనంలోకి నెట్టింది. ఈ చికిత్సలో నాకు అన్నిటికన్నా మానవీయంగా కనిపించేది తప్పు మనిషిలో ఉందనకుండా, ఆమె చిక్కుకున్న చుట్టును చూపించడమే.

తర్వాత ఆ చుట్టును ఎక్కడ తెంచాలో ఇద్దరూ కలిసి ఎంచుకుంటారు. ఆమె ఒకప్పుడు ఇష్టంగా జాకెట్లు కుట్టేదనుకుందాం. ‘మళ్లీ కుట్టుపని మొదలుపెట్టాలి’ అన్నది ఈ పద్ధతిలో పనికిరాని లక్ష్యం. మంగళవారం నాలుగు గంటలకు మిషన్ మీది గుడ్డ తీసి, నూనె వేసి, సూదిలో దారం ఎక్కించడం అన్నది సరైన లక్ష్యం. ఆ రోజుకు అంతే. చేయడానికి ముందు, చేసిన తర్వాత మనసుకు అంకె వేస్తారు. చేయలేకపోతే మందలింపు ఉండదు. ఏది అడ్డొచ్చిందో అడిగి, అడుగును ఇంకా చిన్నది చేస్తారు. పని ఎంపికలో ఆనందాన్నే కాక, ‘ఇది నా చేతనైంది’ అన్న తృప్తినీ లెక్కలోకి తీసుకుంటారు. కరెంటు బిల్లు కట్టడంలో ఆనందమేమీ లేకపోయినా, వాయిదా వేస్తూ వచ్చిన బరువు దిగడం చిన్న విషయం కాదు.

రుజువులు, పరిమితులు

2006లో సోనా డిమిజియన్ బృందం 241 మందిపై చేసిన పరిశోధనలో, తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవారికి ఈ పద్ధతి డిప్రెషన్‌కు వాడే పారాక్సెటిన్ మాత్రలతో సమానంగా, కాగ్నిటివ్ థెరపీ కంటే మెరుగ్గా పనిచేసింది. ఇంగ్లండ్‌లో 440 మందితో కోబ్రా పేరుతో జరిగిన పరిశోధన 2016లో వెలువడింది. అందులో బిహేవియరల్ యాక్టివేషన్ ఇచ్చినవారు తక్కువ శిక్షణ పొందిన సిబ్బంది. నిపుణులైన థెరపిస్టులు చేసిన కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీకి (సీబీటీ) వారి ఫలితాలు తీసిపోలేదు, ఖర్చూ తగ్గింది.

ఇది అన్నిటికీ మందు కాదు. ఆత్మహత్య ఆలోచనలు, బైపోలార్ వ్యాధి, భ్రమలు ఉన్నవారిని సైకియాట్రిస్టు చూడాలి. థైరాయిడ్ లోపం వల్ల వచ్చిన నీరసాన్ని పనుల పట్టికతో నయం చేయలేం. కొట్టే భర్తకు దూరంగా గదిలో తలుపు వేసుకున్న స్త్రీది తప్పించుకునే అలవాటని అనడం కౌన్సెలర్ చేయకూడని తప్పు. అక్కడ ముందు కావలసింది రక్షణ.

భారతదేశంలో

2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం డిప్రెషన్ ఉన్నవారిలో సుమారు 85 శాతానికి చికిత్స అందలేదు. దేశంలో ఉన్న కొద్దిమంది నిపుణులతో ఈ అంతరం పూడదు. గోవాలోని సంగత్ సంస్థ, విక్రమ్ పటేల్ బృందం హెల్తీ యాక్టివిటీ ప్రోగ్రామ్ పేరుతో చేసిన ప్రయత్నం ముఖ్యమైనది అందుకే. బిహేవియరల్ యాక్టివేషనే దాని వెన్నెముక. ఆరు నుంచి ఎనిమిది సార్లు మాట్లాడటంతో ముగుస్తుంది. మాట్లాడేవారు డాక్టర్లూ కాదు, సైకాలజిస్టులూ కాదు, శిక్షణ పొందిన మామూలు స్థానికులు. పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, ఓ మోస్తరు తీవ్రత నుంచి బాగా తీవ్రమైన స్థాయి దాకా డిప్రెషన్ ఉన్న 495 మందితో పరీక్షించారు. 2017లో లాన్సెట్‌లో వచ్చిన ఫలితాల ప్రకారం మూడు నెలలకు ఈ సాయం అందినవారిలో 64 శాతం కోలుకున్నారు. కేంద్రంలో మెరుగుపరిచిన సాధారణ వైద్యం మాత్రమే అందినవారిలో కోలుకున్నది 39 శాతం. స్త్రీలపై భర్తల శారీరక హింస కూడా తగ్గినట్టు తేలింది. మేలు ఏడాది తర్వాతా నిలిచింది.

ఆ తర్వాత మధ్యప్రదేశ్‌లోని సీహోర్ జిల్లాలో ఆశా కార్యకర్తలకు ఇదే పద్ధతిని డిజిటల్ పాఠాల ద్వారా నేర్పే ప్రయత్నం జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో పశ్చిమ గోదావరి జిల్లా పల్లెల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ నడిపిన స్మార్ట్ మెంటల్ హెల్త్ కార్యక్రమం వేరే దారి. అక్కడ ఆశా కార్యకర్తలు ట్యాబ్‌లతో ఇంటింటికీ వెళ్లి బాధలో ఉన్నవారిని గుర్తించి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకు చేర్చారు. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరులో తెలుగులోనూ మాట్లాడవచ్చు.

శిక్షణ ఒకసారి ఇచ్చి వదిలేస్తే నాణ్యత నిలవదన్న భయం స్థానికులతో నడిపే ఇలాంటి పథకాలన్నిటికీ ఉంటుంది. గోవాలో దానికి కనిపెట్టిన మార్గం సరళమైనది: కౌన్సెలర్లు తమ సంభాషణల రికార్డింగులను గుంపుగా కూర్చుని విని, ఒకరి పనికి ఒకరు మార్కులు వేసుకునేవారు. శిక్షణ పొందుతూ వచ్చేకొద్దీ ఆ మార్కులు నిపుణులు వేసిన మార్కులకు దగ్గరయ్యాయి.