ఇరవై అడుగుల వెనక

పొద్దున్న ఏడున్నర. సికింద్రాబాద్ మోండా మార్కెట్‌లో మీరు ఓ కుర్రాడి వెనక నడుస్తున్నారు. ఇరవై రెండేళ్లుంటాయి. చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు. అవి పాటలకు కాదు, చప్పుడు తగ్గించడానికి. చేతిలో అట్టముక్క, దాని మీద వరసగా నాలుగు బొమ్మలు: టమాటా, పచ్చిమిర్చి, కొత్తిమీర, ఇల్లు. నాలుగోదే అన్నిటికన్నా ముఖ్యం. పని ఎక్కడ ముగుస్తుందో ముందే తెలిస్తే అతనికి సగం భయం తీరుతుంది.

మీ పక్కన నడుస్తున్నాయన అతని తండ్రి. కొడుక్కీ ఆయనకీ మధ్య ఇరవై అడుగుల దూరం. "మొదట చెయ్యి వట్టుకొని తెస్తుంటి. తర్వాత పక్కన నడిచిన. ఇప్పుడు గింత దూరం," అంటాడు, చూపు కొడుకు మీంచి తిప్పకుండానే.

ఈ బజారును ఒక్క నిమిషం అతని చెవులతో వినండి. మీకిదంతా కలగలిసిన రొద. అక్కర్లేనిది మీ మెదడు దానంతటదే పక్కకు నెట్టేస్తుంది. ఆటిజం ఉన్న చాలామందికి అలా జరగదు. స్కూటర్ హారన్, తక్కెడలో తూకంరాయి పడ్డ చప్పుడు, చేపల వాసన, భుజానికి రాసుకున్న గోనెసంచి, టార్పాలిన్ చిరుగులోంచి కంట్లో పడే ఎండ, అన్నీ ఒకే జోరుతో ఒక్కసారిగా మీద పడతాయి. అతను వేళ్లు ఆడిస్తూ నడుస్తున్నాడు. ఆపమనకండి. ఆ కదలికే అతన్ని నిలకడగా ఉంచుతోంది.

టమాటాల కుప్ప ముందు కూర్చున్నామె తలెత్తుతుంది. అతన్ని చూడగానే, డబ్బు పడిందని అరిచే స్పీకర్ డబ్బా శబ్దం తగ్గిస్తుంది.

"ఎంత గావాలె బిడ్డా?"

"ఎంత గావాలె బిడ్డా," అంటాడతను, అచ్చం అదే రాగంలో.

మీ వెనకెవరో కిసుక్కున నవ్వుతారు. ఆమె నవ్వదు. అది వెక్కిరింత కాదనీ, ప్రశ్నను ఒకసారి పలికి చూసుకుని లోపలికి తీసుకుంటున్నాడనీ ఆమెకు తెలుసు. మళ్లీ అడగదు. మెత్తబడ్డ టమాటాలు ఏరి పక్కన పెడుతూ ఊరుకుంటుంది. ఆ కాసేపు మీకు చాలా పొడుగ్గా అనిపిస్తుంది.

"అర కిలో," అంటాడు.

తొందరపెట్టి రెండోసారి అడిగి ఉంటే ఆ జవాబు మధ్యలోనే చెదిరిపోయేది. అతను ఒకే సైజు టమాటాలు ఏరి, తూకం చూసి, ఫోన్‌తో స్కాన్ చేసి డబ్బు కడతాడు. తండ్రి ఒక్క అడుగు కూడా ముందుకు వెయ్యలేదు.

ఇది ఆషాఢం. ఉజ్జయిని మహంకాళి గుడి వైపు నుంచి ఉన్నట్టుండి డప్పులు మోగుతాయి. బోనాల సంబరం మీ ఒంట్లోకి హుషారు తెస్తుంది. అతన్ని మాత్రం నేలకు కూలుస్తుంది. చెవులు గట్టిగా మూసుకుని, ముందుకీ వెనక్కీ ఊగుతూ, గొంతులోంచి ఒకటే కేక. జనం మూగుతారు.

"ఫిట్సొచ్చినయ్, తాళాలు వట్టియ్యిర్రి!"

"మొహం మీద నీళ్లు గొట్టుర్రి!"

తండ్రి కదలబోయి ఆగుతాడు. ఎదుటి ఉల్లిగడ్డల కొట్టాయన అప్పటికే లేచాడు. "జరుగుర్రి. ఎవ్వలు ముట్టుకోకుర్రి. ఫోన్లు లోపల వెట్టుర్రి." టమాటాలామె తన బుట్టలు జరిపి, వెనక నీడలో చోటు చేస్తుంది. పిలవదు, లాగదు. ఆ చోటు చూపించి ఊరుకుంటుంది, అంతే. కొంతసేపటికి అతనే వెళ్లి అక్కడ కూర్చుంటాడు. ఊపిరి కుదుటపడ్డాక అట్టముక్క తీసి, రెండో బొమ్మ మీద వేలు పెడతాడు. పచ్చిమిర్చి.

వీళ్లకిదంతా ఎవరు నేర్పారని అడగండి. తండ్రే కొట్టు కొట్టుకూ తిరిగి మూడే మాటలు చెప్పాడు: చిన్నగా అడగండి, జవాబు కోసం ఆగండి, ముట్టుకోకండి.

మిర్చి కొట్టు వైపు నడుస్తూ ఆయన మిగతాది చెబుతాడు. ఈ నగరంలోనే మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి మేధో వైకల్యాల జాతీయ సంస్థ ఉంది. 1995 నాటి చట్టంలో ఆటిజం పేరే లేదు. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం దాన్ని 21 వైకల్యాల్లో చేర్చింది. సమాజంలో అందరి మధ్యా జీవించడం వాళ్ల హక్కని ఆ చట్టం 5వ సెక్షన్ చెబుతుంది. పద్దెనిమిదేళ్లు నిండాక అవసరమైనవాళ్లకు సంరక్షకుణ్ణి నియమించేందుకు 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద స్థానిక కమిటీలున్నాయి.

"కాగితాలన్ని ఉన్నయ్ సార్. కాని మేం పోయినంక పొద్దుగాల వీనితోని మాట్లాడేదెవరు?"

ఆటిజం ఉన్న బిడ్డలున్న ఇంటింటా ఉండే ప్రశ్న ఇది. దీనికి జవాబు ఏ ఒక్క ఆఫీసులోనూ దొరకదు. అందరి మధ్యా జీవించే ఆ హక్కును రోజూ నిలబెట్టేది పక్కన ఉండే మనుషులే. తండ్రి వెనక్కి వేసిన ఒక్కో అడుగు చోటులోకీ ఇంకొకరు ముందుకు రావాలి. ఇక్కడ ఒక కూరగాయలామె వచ్చింది, ఒక ఉల్లిగడ్డలాయన వచ్చాడు. ఇంకా బస్సు కండక్టర్ రావాలి, బ్యాంకు గుమాస్తా రావాలి, పని ఇచ్చే యజమాని రావాలి.

మీ వీధిలోనూ ఇలాంటి ఇల్లొకటి ఉండే ఉంటుంది. చాటుగా జాలిపడి వదిలెయ్యకండి. వెళ్లి తలుపు తట్టండి. మీవాడికి ఏది ఇష్టం, ఏది కష్టం, మేమేం చెయ్యాలి అని అడగండి. ఆ పిల్లవాణ్ణీ అడగండి. అడిగాక, జవాబొచ్చేదాకా ఆగండి.